నేను చచ్చిపోయిన పాటల పోటీ

నేను చచ్చిపోయిన సంగతి నాకు సోమవారం పొద్దున తెలిసింది. అప్పుడు కొబ్బరి కోరుతున్నాను.

ఫోన్ మోగింది. బ్రిస్బేన్ నుంచి మా బావమరిది వాయెలువా. పలకరింపు కూడా లేకుండా ఏడుపు మొదలుపెట్టాడు.

"అక్కా, బావ పోతే ఒక్క మాటైనా చెప్పలేదేమే!"

"మీ అక్క పందులకి మేత వెయ్యడానికెళ్ళింది. ఏ బావ పోయాడ్రా?" అన్నాను.

"మా బావ సోలిపో. నువ్వెవరు?"

"సోలిపోనే."

ఫోన్ పెట్టేశాడు. శవం ఫోన్ ఎత్తిందని వాడు ఆ రోజు పనికి కూడా వెళ్ళలేదట. వాళ్ళ వీధిలోని సమోవావాళ్ళందర్నీ పోగేసి ప్రార్థన పెట్టించాడు. ఆ ప్రార్థనలో నా గురించి చెప్పుకున్న మంచిమాటల్లో సగం కూడా డెబ్భై రెండేళ్ళుగా నా చెవిన పడలేదు.

ఎందుకు పోయానో మధ్యాహ్నం గానీ తెలియలేదు. సిడ్నీలో ఆదివారం సాయంత్రం వేసే పాటల పోటీని మా దీవిలో సోమవారం మధ్యాహ్నం చూపిస్తారు. అందుకే నా చావు నాకంటే ముందు ఆస్ట్రేలియాకి తెలిసింది.

ఆ పోటీలో మా మనవరాలు లోసా పాడుతోంది. దాని గురించి రెండు ముక్కలు చెప్పాలి.

మా ఊరి చర్చిలో పాటల బృందానికి నలభై ఏళ్ళుగా చెయ్యి ఊపేది నేనే. మాది మామూలు బృందం కాదు. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది గాలి చర్చి కప్పు లేపుకుపోతుంటే, మా మంద్రగొంతులవాళ్ళు పన్నెండు మంది ఒకే స్వరం పట్టి, అరటితోట దాకా వెళ్ళిన కప్పుని వెనక్కి లాగారు. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, ఇప్పటికీ కొంచెం వంకరగానే ఉంటుంది. ఆ తుఫాను మీద నేనో పాట కట్టాను. లోసాకి నేను నేర్పిన మొదటి పాట అదే.

దాని తల్లి ఇలీసా, నా కూతురు, పని కోసం బ్రిస్బేన్ వెళ్తూ రెండేళ్ళ పిల్లని మా దగ్గర వదిలింది. పెంచింది నేనూ, మా ఆవిడ మెలే. మా ఇంటి ముందు మా నాన్న సమాధి, మా అమ్మ సమాధి, వాటి పక్కన నాది ఉన్నాయి. నాది పన్నెండేళ్ళ కిందటే కట్టుకున్నాను. చర్చి నేలకి వెయ్యగా నీలి పలకలు మిగిలాయి, వాటిని పారెయ్యడం ఎందుకని. మధ్యాహ్నం ఆ పలకలు చల్లగా ఉంటాయి, కునుకు బాగా పడుతుంది. లోసా పాఠాలన్నీ దాని మీద కూర్చునే జరిగాయి.

పిల్లది బంగారం. ఒక్కటే జబ్బు, అబద్ధం ఆడేది. కానీ ఆడేముందు చిన్న ఊపిరి పీల్చేది. కొబ్బరిపాలు ఎవరు తాగారే అంటే, చిన్న ఊపిరి, "పిల్లి." పాటకి చెయ్యి ఊపేవాడికి ఊపిరి వినపడకుండా ఎలా పోతుంది? నేను నవ్వేసేవాణ్ణి. అదీ నవ్వేసేది.

పదహారో ఏట తల్లి దగ్గరికి వెళ్తూ రేవులో నా చెయ్యి పట్టుకుంది. "తాతా, నేనెక్కడ పాడినా ముందు నీ పేరే చెప్తా" అంది. అది మాట తప్పిందని ఎవరూ అనడానికి లేదు. చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళ సంఘం ఇంట్లో ఊరంతా టీవీ ముందు కూర్చుంది. ఆ పోటీలో నలుగురు పేరున్న గాయకులు కోచ్‌లు. తలా ఒక తెర వెనక కూర్చుంటారు. పాట నచ్చితే కాలితో మీట నొక్కుతారు, తెర లేస్తుంది. లోసా నా తుఫాను పాట ఎత్తుకుంది. రెండో చరణం అయ్యేలోపు నాలుగు తెరలూ లేచాయి. మా ఆడవాళ్ళు వేసిన కేకకి బయట కట్టేసిన గుర్రం తాడు తెంచుకుంది. అది ఇంకా దొరకలేదు.

వెండిరంగు జుట్టున్న కార్లా అనే కోచ్ స్టేజీ మీదికి వచ్చి దాన్ని కావలించుకుంది. "ఇంత బాగా ఎవరు నేర్పారు తల్లీ?" అని అడిగింది.

"మా తాత సోలిపో" అంది లోసా. ఊళ్ళోవాళ్ళు నా వీపు చరిచారు. అప్పుడు ఆ చిన్న ఊపిరి వినపడింది. "పోయిన నెల మమ్మల్ని విడిచి వెళ్ళిపోయారు. ఆఖరి మాటగా, పాడమ్మా అన్నారు."

కార్లా ఏడ్చింది. మిగతా ముగ్గురూ ఏడ్చారు. ఆస్ట్రేలియా అంతా ఏడ్చినట్టుంది.

మా దగ్గర మాత్రం ఎవరూ కదల్లేదు. మెల్లగా తలలన్నీ నా వైపు తిరిగాయి. ముందుగా నోరు తెరిచినవాడు మా పక్కింటి తావిత.

"పోయిన నెలా? మరి మొన్న శనివారం నా కత్తి తీసుకెళ్ళిందెవరు?"

"చచ్చినోణ్ణి పట్టుకుని కత్తి అడుగుతావేంట్రా, సిగ్గులేదూ?" అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనిది మెలే ఒక్కతే. నా మొహంలోకి చూసి, "ఇంటికి పోదాం పద" అంది.

లోసాతో మాట్లాడదామంటే పోటీవాళ్ళు పాడేవాళ్ళ ఫోన్లు తీసేసుకున్నారట. ఇలీసాకి చేశాను.

"నేనెప్పుడు పోయానే?"

"కోప్పడకు నాన్నా. అది టీవీ చావు, నిజం చావు కాదు."

"తేడా ఏంటి?"

"వాళ్ళు ముందే అడుగుతారు నాన్నా, నీకేం కష్టమొచ్చింది, ఎవరు పోయారు అని. పాట ఒక్కటే చాలదట. దాని ముందు పాడిన పిల్లకి అమ్మ లేదు, వెనకున్న కుర్రాడికి కాలు లేదు. దీనికేమో అందరూ ఉన్నారు. ఏం చెయ్యమంటావు?"

"అయితే నేనే దొరికానా? మీ అమ్మ లేదూ?"

పక్కనుంచి మెలే అందుకుంది. "నా జోలికొచ్చావంటే చూడు! చావాలంటే నువ్వే చావు."

"అమ్మమ్మ పేరెత్తితే అది ఒప్పుకోలేదు నాన్నా. తాతైతే నవ్వేస్తాడులే అంది" అంది ఇలీసా.

ఆ మాట ముల్లులా దిగింది. ఇన్నేళ్ళు ఊరందర్నీ నవ్వించి నేను సంపాదించింది ఇదన్నమాట. సోలిపో కాబట్టి ఏం చేసినా పరవాలేదు, నవ్వేస్తాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. గురువారం మధ్యాహ్నం పెద్ద పడవ దిగి ముప్ఫై మంది మా ఊళ్ళోకి వచ్చారు. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. అవతలి దీవిలో ఉన్న మా అమ్మ పుట్టింటివాళ్ళు. ముందు మా మేనమామ సెవె, తొంభై ఏళ్ళవాడు, కర్ర పట్టుకుని. వెనక ఆడవాళ్ళు చావుపాట పాడుతూ, సన్నచాపలు విప్పి రెండువైపులా పట్టుకుని నడుస్తున్నారు. పదకొండు చాపలు. ఒక్కొక్కటి అల్లడానికి ఏళ్ళు పడుతుంది. పట్టులా మెత్తగా ఉంటాయి, అంచున ఎర్ర ఈకలు. వాటిలో ఒకటి మా అమ్మమ్మ చేతిది. నా కోసమని ఇన్నాళ్ళూ దాచారట.

వాళ్ళు కబురు కోసం ఆగలేదు. సొంత మనవరాలు నోరారా చెప్పాక మళ్ళీ కబురెందుకు?

నేను ఆ సమయానికి నా సమాధి మీదే పడుకుని ఉన్నాను. పాట విని లేచి కూర్చున్నాను. ముందు వరసలో ఉన్న ఇద్దరాడవాళ్ళు కెవ్వుమని పరిగెత్తారు. ఒకామె మా పెరట్లోని బ్రెడ్‌ఫ్రూట్ చెట్టెక్కేసింది. ఆమెని దింపడానికి నిచ్చెన తేవాల్సొచ్చింది. ఇంకోసారైతే ఈ ముక్క ఊరూరా చెప్పుకుని బతికేవాణ్ణి.

సెవె మామ కదల్లేదు. నన్ను తేరిపార చూశాడు.

"బతికే ఉన్నావురా?"

"ఉన్నా మామా."

"మరి మమ్మల్ని ఏడిపించిందెవరు?"

చావుకి విప్పిన చాపని మళ్ళీ మడిచి ఇంటికి తీసుకెళ్ళరు. ఆయన ఆడవాళ్ళ వైపు తల ఊపాడు. ఆడవాళ్ళు చాపలన్నీ మా గడపలో పెట్టేసి వెనక్కి తిరిగారు. లోపలికి రమ్మన్నా రాలేదు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మా అమ్మ పుట్టింటివాళ్ళు, మా ఇంట్లో.

శుక్రవారం ఊరి పెద్దలు కూర్చున్నారు. మా కుటుంబం తప్పు చేసింది, చావు కాని చావుకి చుట్టాల దుఃఖం, చాపలు తీసుకుంది. తప్పు ఎవరు చేసినా కుటుంబపెద్ద వెళ్ళి, తల మీద సన్నచాప కప్పుకుని, బాధపడ్డవాళ్ళ ఇంటి ముందు కూర్చోవాలి. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే, వాళ్ళు ఏం చేసినా అడగకూడదు.

"కుటుంబపెద్ద ఎవరు?" అన్నాడు తావిత, నవ్వాపుకుంటూ.

"పోయినాయన" అన్నాను.

శనివారం తెల్లవారుతుండగా అవతలి దీవిలో సెవె మామ ఇంటి ముందు కంకర మీద కూర్చున్నాను. చచ్చినవాడు వచ్చి బతికున్నందుకు క్షమాపణ అడగడం మా దీవుల్లో అదే మొదటిసారి అయి ఉంటుంది. నా పక్కన మెలే, తావిత, ఇంకో ఇద్దరు. చాప కింద ఉక్క. కోళ్ళు వచ్చి నా కాళ్ళ వేళ్ళు పొడిచాయి. ఇంట్లోంచి కోకో కాచిన వాసన వచ్చింది. వాళ్ళు తాగడం, గిన్నెలు కడగడం అన్నీ వినపడ్డాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. తాతైతే నవ్వేస్తాడులే. ఆ మాటే తిప్పి తిప్పి వినపడుతోంది. నవ్వుదామని చూశాను. చాప కింద ఎవరూ చూడరు కదా. రాలేదు.

ఆఖరికి కర్ర చప్పుడయింది. చాప లేచింది.

"లేవరా, చచ్చినోడా" అన్నాడు సెవె మామ. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. తన కప్పులో కోకో నాకిచ్చాడు. తరవాత అందరి ముందూ అన్నాడు: "నిన్ను క్షమించానురా అల్లుడూ. నువ్వేం చెయ్యలేదు కాబట్టి తేలికే అయింది. కానీ ఆ పిల్ల నోటితో వచ్చిన చావు ఆ పిల్ల నోటితోనే పోవాలి. మా తాత బతికే ఉన్నాడని అది నలుగురిలో ఒక్కసారి అననీ. అనేదాకా మాకు నువ్వు పోయినట్టే. చాపలు అక్కడే ఉంచు."

చాపలు ఇంటి దూలాల మీద పెట్టాను. లోసా ఒక్కసారి అంటే చాలు, నేను బతుకుతాను.

ఆ అవకాశం నెలన్నరకి వచ్చింది. లోసా ఆఖరి నలుగురిలోకి చేరింది. ఆ నలుగుర్నీ సొంత ఊళ్ళకి తీసుకెళ్ళి టీవీకి తీస్తారట. ఒక రోజు ముందు ఇలీసా ఒక్కతే వచ్చింది. నాకు చొక్కా, వాళ్ళమ్మకి గౌను, ఒక చిన్న రంగు డబ్బా తెచ్చింది.

"నాన్నా, రెండు రోజులు సెవె తాత ఊళ్ళో ఉండి రారాదూ?"

"ఎందుకే?"

"కెమెరావాళ్ళు సమాధి చూస్తామన్నారు."

"ఎవరి సమాధి?"

నేను చేపల కోసం వెళ్ళి వచ్చేసరికి నా నీలి పలకల మీద తెల్లరంగుతో నా పేరుంది. పేరు కింద ఈ ఏడాది ఉంది. అక్షరాలు చక్కగా వచ్చాయి. దానికి రాత నేర్పింది కూడా నేనే. మెలే కొబ్బరిపీచు తెచ్చి రుద్దబోయింది. నేనే వద్దన్నాను.

"వెళ్తావా నాన్నా?" అంది ఇలీసా.

"పోయినవాణ్ణి ఎక్కడికని పొమ్మంటావే? ఉన్నచోటే ఉంటాను."

నాకు లోసా మీద నమ్మకముంది. దూరంగా ఉంటే ఏమైనా అనొచ్చు. మొహం చూస్తే ఎలా అంటుంది?

మర్నాడు పొద్దున చర్చికి వేసుకునే తెల్ల కోటు వేసుకుని సమాధి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా బృందమంతా తెల్లబట్టలతో వెనక నిలబడ్డారు. రెండు వ్యాన్లు వచ్చాయి. కార్లా దిగింది, కెమెరాలు దిగాయి, లోసా దిగింది. సన్నబడింది. నన్ను చూసింది. కాళ్ళు ఆగిపోయాయి. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఇంకేముంది, పరిగెత్తుకొచ్చి తాతా అంటుందనుకున్నాను.

"ఈ పెద్దాయన ఎవరు తల్లీ?" అంది కార్లా. పాదిరిగారి బెత్తం నేర్పిన ఇంగ్లీషు నాకు ఆ మాత్రం అర్థమవుతుంది.

నేను చెవి రిక్కించాను. చిన్న ఊపిరి కోసం.

"మా తాత తమ్ముడు" అంది లోసా.

ఊపిరి వినపడలేదు. ఈసారి తీసుకోలేదు. అంత బాగా నేర్చుకుంది.

మెలే ఒక అడుగు ముందుకేసింది. నేను చెయ్యి అడ్డంపెట్టాను. కెమెరా ముందు ఒక్క మాట అంటే పిల్ల పోటీ అక్కడితో సరి. ఇలీసా దూరంగా నిలబడి రెండు చేతులూ జోడించింది. లోసా పూలదండలతో వచ్చి ముందు నా మెడలో ఒకటి వేసింది. వేస్తూ, కెమెరాకి అందకుండా, మా భాషలో చెవిలో అంది: "నవ్వు తాతా."

నవ్వాను.

"మీ అన్నగారి గురించి నాలుగు మాటలు చెప్పండి" అంది కార్లా. లోసా ఆ మాట మా భాషలోకి మార్చి నాకు చెప్పింది, నాకు అర్థం కానట్టు.

"మంచివాడే. గొంతు మాత్రం నా అంత లేదు" అన్నాను. మా బృందంలో ఒక్కరూ నవ్వలేదు. "ఒకసారి పాటతో చర్చి కప్పు వెనక్కి లాగాడు. ఏది చెప్పినా మేం నవ్వేవాళ్ళం. వాడూ నవ్వేవాడు. వాడికి నొప్పి అనేది ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఈ పిల్లంటే ప్రాణం. ఇది ఎక్కడ పాడినా ముందు తన పేరే చెప్తుందని ఊరంతా చెప్పుకుని తిరిగాడు."

లోసా ఆ మాటల్ని కార్లాకి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలోనే వెక్కి వెక్కి ఏడ్చింది. కెమెరా దగ్గరికొచ్చింది. కార్లా దాని తల నిమిరింది. వాళ్ళక్కావలసింది వాళ్ళకి దొరికింది. రెండో దండ నా పేరు మీద పెట్టి లోసా మోకరిల్లింది. నేను దాని వెనకే నిలబడి ఉన్నాను.

తరవాత బృందాన్ని పాడమన్నారు. ఎవరూ నోరు తెరవలేదు. నలభై ఏళ్ళుగా నా చెయ్యి లేవకుండా వాళ్ళు పాడింది లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను చెయ్యి ఎత్తకపోతే ఆ రోజుకి పాట లేదు. లోసా కూడా చూసింది, తొమ్మిదేళ్ళ పిల్ల చూసినట్టు.

చెయ్యి ఎత్తాను. పాటేం తప్పు చేసింది?

సాయంత్రం పడవకి వాళ్ళు వెళ్ళిపోయారు. వ్యాను కిటికీలోంచి లోసా చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ రోజు తీసినదాన్ని మా ఆడవాళ్ళు సోమవారం టీవీలో చూసి చాలా బాగా వచ్చిందన్నారు. సెవె మామా చూశాడట. నాకు కబురేమీ పంపలేదు. దూలాల మీద చాపలు అలాగే ఉన్నాయి.

ఇంకో మూడు వారాలకి, సోమవారం పొద్దున, నేను కొబ్బరి కోరుతుంటే ఫోన్ మోగింది.

"తాతా! గెలిచాను తాతా! నిన్న రాత్రి. ఫోన్ ఇప్పుడే ఇచ్చారు, ముందు నీకే చేస్తున్నా!"

"ఎవరు కావాలమ్మా?"

"నేను తాతా, లోసాని."

"మీ తాత పోయాడు కదమ్మా. నేను ఆయన తమ్ముణ్ణి."

అది నవ్వింది. తాత ఎప్పట్లాగే ఆటపట్టిస్తున్నాడనుకుంది. నేను నవ్వకపోయేసరికి దాని నవ్వూ మెల్లగా ఆగిపోయింది.

"తాతా, ఆటలొద్దు" అంది. "నీకో మాట చెప్పాలి తాతా, నిజంగా..."

అని, చిన్న ఊపిరి పీల్చింది.

ఆ తరవాత మాట నేను వినలేదు. ఫోన్ మెలే చేతిలో పెట్టేశాను.

"ఏమని చెప్పను?" అంది మెలే, ఫోన్ అరచేత్తో మూసి.

"పడుకున్నాడని చెప్పు."

అబద్ధం ఎందుకని వెళ్ళి నిజంగానే పడుకున్నాను, నీలి పలకల మీద. వానలు పడ్డా ఇలీసా వేసిన రంగు పోలేదు. అక్షరాలు వీపుకి గరుగ్గా తగిలాయి.